శాంటియాగో రాగితీగ, పటాన్‌చెరు సూది

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాపర్ టీ కావాలని అడిగితే నర్సమ్మ ఒక చిన్న కవరు తీసి చూపిస్తుంది. లోపల తెల్లటి ప్లాస్టిక్ వస్తువు ఒకటి, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. దాని కాడకు సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. కవరు మీద 380 ఏ అని రాసి ఉంటుంది. ఆ 380 అనేది రాగి ఉపరితలం కొలత, చదరపు మిల్లీమీటర్లలో. ఒకసారి వేయించుకుంటే పదేళ్ల దాకా పనిచేస్తుంది. దీన్ని కనిపెట్టింది ఎవరని అడిగితే చాలామంది అమెరికావాళ్లని చెబుతారు. అందులో సగమే నిజం. ప్లాస్టిక్ టీ రూపం అమెరికా డాక్టరు హోవార్డ్ టేటమ్‌ది. దానికి ప్రాణం పోసిన రాగి మాత్రం దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు డాక్టరు హైమే జిప్పర్ ఆలోచన.

1950లు, 60లలో చిలీ రాజధాని శాంటియాగోలో ఆసుపత్రులు ఒక విషాదాన్ని రోజూ చూసేవి. చట్టం ఒప్పుకోదు కాబట్టి దొంగచాటుగా గర్భం తీయించుకుని, రక్తం పోయి, చీము పట్టి వచ్చే ఆడవాళ్లు. వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లే, ఈ బాధకు మూలం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. జిప్పర్ వాళ్లలో ఒకడు. ఆయన కుందేళ్ల మీద ఒక ప్రయోగం చేశాడు. కుందేలు గర్భాశయం మనిషిలా ఒకటే సంచి కాదు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వేరువేరుగా ఉంటాయి. ఆయన ఒక వైపు రాగితీగ పెట్టి, రెండో వైపు వదిలేశాడు. తీగ ఉన్న వైపు పిండాలు నిలవడం బాగా తగ్గిపోయింది. జంతువు అదే, ఆహారం అదే, రక్తంలోని హార్మోన్లూ అవే. తేడా అంటూ ఉంటే అది రాగిదే. ఇంత తేటగా జవాబు చెప్పే ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు.

తర్వాత టేటమ్ టీకి రాగి తోడైంది. రాగి లేని ఉత్త ప్లాస్టిక్ టీ వేసుకున్న వంద మందిలో ఏడాది తిరిగేసరికి 18 మంది దాకా గర్భవతులయ్యారు. 200 చదరపు మిల్లీమీటర్ల రాగి చుట్టాక ఆ సంఖ్య ఒకటి దగ్గరికి పడిపోయింది. ఈ ఫలితాలు 1969లో అచ్చయ్యాయి.

అదే శాంటియాగో నుంచి వచ్చిన మరో శాస్త్రజ్ఞుడు హొరాసియో క్రొక్సాటో. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో, పాపులేషన్ కౌన్సిల్ ప్రయోగశాలలో షెల్డన్ సీగల్ దగ్గర పరిశోధన నేర్చుకున్నాడు. సన్నటి సిలికాన్ గొట్టంలో హార్మోను నింపి చర్మం కింద పెడితే, అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుందని గురుశిష్యులిద్దరూ చూపించారు. క్రొక్సాటో న్యూయార్క్‌లోనే ఉండిపోలేదు. శాంటియాగో తిరిగివెళ్లి, అక్కడే పని కొనసాగించాడు. ఆ దారిలోనే నార్‌ప్లాంట్ వచ్చింది. మోచేతి పైభాగంలో ఆరు చిన్న గొట్టాలు పెడితే ఐదేళ్లు గర్భం వచ్చేది కాదు. దానికి 1983లో మొట్టమొదట అనుమతి ఇచ్చిన దేశం ఫిన్లాండ్.

ఈ కథలన్నీ చదివినకొద్దీ నాకు ఒక లెక్క కనిపిస్తుంది. విదేశంలో పని నేర్చుకుని సొంత ఊరికి తిరిగొచ్చినవాళ్లున్న దేశం కొత్త సాధనాన్ని తయారుచేస్తుంది. అలాంటివాళ్లు లేని దేశం ఆ సాధనాన్ని పరీక్షించడానికి మనుషుల్ని ఇస్తుంది. ఈ లెక్క అన్నిచోట్లా సరిపోదు. ఎక్కడ తప్పుతుందో తర్వాత చెబుతాను.

గర్భనిరోధక మాత్ర చరిత్రలో తయారుచేసినవాళ్లూ, పరీక్షకు మనుషుల్ని ఇచ్చినవాళ్లూ, రెండు వైపులా కనిపిస్తారు. ఆ మాత్ర వెనుక కుందేళ్ల మీద పనంతా చేసినవాడు చైనావాడు, మిన్ చూ చాంగ్. 1908లో షాన్‌షీ రాష్ట్రంలో పుట్టాడు. 1938లో స్కాలర్‌షిప్ మీద బ్రిటన్ వెళ్లాడు. మొదట ఎడిన్‌బరో, ఆ తర్వాత కేంబ్రిడ్జి. అక్కడ ఆర్థర్ వాల్టన్ దగ్గర పశువుల కృత్రిమ గర్భధారణ, వీర్యకణాల మీద చలి ప్రభావం, ఇవీ అతని చదువు. 1945లో ఒక్క ఏడాది ఉండి వద్దామని అమెరికాలోని వూస్టర్ ఫౌండేషన్‌కు, గ్రెగరీ పిన్కస్ దగ్గరికి వెళ్లాడు. ఆ సంస్థ అప్పుడప్పుడే పుట్టింది, డబ్బు లేదు. చాంగ్ ప్రయోగశాలలోనే పడుకుంటూ రాత్రి కాపలా కూడా కాసేవాడని అంటారు. ఏడాది కోసం వెళ్లినవాడు 1991లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు.

1951లో చాంగ్ రెండు పనులు చేశాడు. ఒకటి, ప్రొజెస్టెరోన్ ఇచ్చిన కుందేళ్లలో అండం విడుదల ఆగిపోతుందన్న పాత ఫలితాన్ని మళ్లీ చేసి చూసి, ఆ దారిలో వందల పదార్థాలను పరీక్షించడం మొదలుపెట్టాడు. రెండోది, వీర్యకణం ఆడ శరీరంలో కొన్ని గంటలు గడిపితే తప్ప అండంలోకి చొచ్చుకుపోయే శక్తి దానికి రాదని కనిపెట్టాడు. అదే సంవత్సరం ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు కాలిన్ ఆస్టిన్ కూడా విడిగా ఇదే సంగతి తేల్చాడు. మొదటిది గర్భం రాకుండా ఆపే మాత్రకు దారి తీసింది. రెండోది పిల్లలు లేనివాళ్లకు టెస్ట్‌ట్యూబ్ బేబీ అందడానికి దారి తీసింది. పిల్లలు వద్దనుకునేవాళ్లకూ, పిల్లల కోసం మొక్కుకునేవాళ్లకూ ఒకే శాస్త్రం కావాలి. జనం ఈ రెండింటినీ వేరువేరు ప్రపంచాలు అనుకుంటారు. ప్రయోగశాలలో అవి ఒకే బల్ల మీద ఉంటాయి. చాంగ్ దగ్గర పని నేర్చుకోవడానికి 1960లో జపాన్ నుంచి ర్యూజో యానగిమాచి వచ్చాడు. తర్వాత హవాయిలో స్థిరపడిన ఆయన ప్రయోగశాలలోనే 1997లో మొదటి క్లోన్ ఎలుక పుట్టింది.

తర్వాతి మాత్రల్లో వాడిన ఒక హార్మోను మాటకొస్తే, 1951 అక్టోబరు 15న మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీలో లూయిస్ మిరమోంటెస్ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త నోటుపుస్తకంలో నోరెథిస్టెరోన్ తయారైన సంగతి రాశాడు. ఆయన పక్కనున్న పెద్దలు కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్. ఒకరు ఆస్ట్రియాలో, ఇంకొకరు హంగరీలో పుట్టినవాళ్లు. ముడిసరుకు మెక్సికో అడవుల్లో దొరికే ఒక దుంప.

ఇక రెండో వైపు చూద్దాం. 1956లో పిన్కస్ బృందం తన మాత్రను పెద్దఎత్తున పరీక్షించింది పోర్టోరికో ద్వీపంలో, రియో పియెద్రాస్ అనే చోట, పేదల కాలనీల్లో. ఆ స్త్రీలకు ఇది గర్భం రాకుండా చేసే మాత్ర అని చెప్పారు కానీ, ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని చెప్పలేదు. అక్కడ పని చూసిన డాక్టరు ఎడ్రిస్ రైస్‌-రే, వందలో 17 మందికి తలతిప్పు, వాంతులు, తలనొప్పి లాంటి బాధలు వస్తున్నాయని రాసింది. మాత్ర బాగా పనిచేస్తుంది కానీ ఇన్ని బాధలున్న మందును జనానికి ఇవ్వడం కష్టమని కూడా చెప్పింది. పిన్కస్ బృందం ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. అప్పటి ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములుండేది. ఇప్పుడు మన సబ్‌సెంటర్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 30 ఉంటుంది. ఈస్ట్రోజెన్ రకం వేరైనా, మోతాదు ఎంత దిగివచ్చిందో మీకే అర్థమవుతుంది. ఆ తగ్గింపంతా ఆడవాళ్ల ఒళ్లు చెప్పిన సాక్ష్యం మీద జరిగింది.

ఇక ఈ పని నేర్పిన చోట్ల సంగతికి వద్దాం. 1972లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానవ పునరుత్పత్తి మీద ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. పరిశోధన, కొత్త పద్ధతుల తయారీ, శిక్షణ, ఈ మూడూ దాని పేరులోనే ఉన్నాయి. మొదటి డైరెక్టర్ అలెగ్జాండర్ కెస్లర్. దీనికి ఆయువుపట్టు లాంటి చోటు స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్, అక్కడ ఎగాన్ డిట్స్‌ఫాలుషి విభాగం. ఆయన హంగరీలో పుట్టి 1946లో స్వీడన్ చేరినవాడు. గర్భిణి శరీరం, మావి, బిడ్డ, ఈ మూడూ కలిసి హార్మోన్లను ఎలా తయారుచేస్తాయో చూపించి పేరు పొందాడు. చైనా, భారత్, లాటిన్ అమెరికా దేశాల నుంచి ఎందరో డాక్టర్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు.

అక్కడ నేర్పింది ముఖ్యంగా కొలవడం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. హార్మోన్లు రక్తంలో గ్రాములో వెయ్యోవంతు కూడా కాదు, వందకోట్లవ వంతు లెక్కల్లో ఉంటాయి. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కనిపెట్టిన రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి వచ్చాకే వాటిని తేలిగ్గా కొలవడం వీలైంది. యాలోకు దీనికే 1977లో నోబెల్ వచ్చింది. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. వాడే రసాయనాలు మారితే అంకె మారిపోతుంది. ఒకే రక్తం సీసాకు ఢిల్లీలో ఒక అంకె, హవానాలో ఇంకో అంకె వస్తే, రెండు దేశాల స్త్రీలకు తేడా ఉందో, రెండు ప్రయోగశాలలకు తేడా ఉందో ఎవరు చెప్పగలరు? అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేద దేశాల ప్రయోగశాలలకు ఒకే రకం రసాయనాలు, ఒకే రకం సూచనల పుస్తకం పంపించింది. శిక్షణ అయిపోయి ఇంటికి వెళ్లేవాళ్లకు సొంత ప్రయోగశాల మొదలుపెట్టుకోవడానికి కొంత సొమ్ము కూడా ఇచ్చేది. నేర్చుకున్నవాడు తిరిగివెళ్లాక చేతిలో పనిముట్టు లేకపోతే, ఆ నేర్పు రెండేళ్లలో తుప్పు పడుతుందని వాళ్లకు తెలుసు.

వీర్యకణాల లెక్క సంగతీ అంతే. గాజుపలక మీద గళ్లలో కణాలను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చేదే అనిపిస్తుంది. కానీ ఏ గడి గీత మీద ఉన్న కణాన్ని లెక్కలో వేయాలి, ఏది వదలాలి, ఎన్ని కణాలు లెక్కపెడితే అంకెను నమ్మవచ్చు, ఇవన్నీ ఒక ఒప్పందానికి రావాలి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద ఒక చేతిపుస్తకం తెచ్చింది. 2021లో ఆరో ముద్రణ వచ్చింది. మన హైదరాబాదు, విజయవాడల్లోని సంతాన సాఫల్య కేంద్రాల రిపోర్టుల్లో కనిపించే ప్రమాణాలు ఆ పుస్తకంలోవే.

ఈ క్రమశిక్షణ వల్ల ఏం తెలిసిందో ఒక ఉదాహరణ చెబుతాను. 1990లో మగవాళ్ల గర్భనిరోధకం మీద ఒక అధ్యయనం వెలువడింది. ఏడు దేశాలు, పది కేంద్రాలు, 271 మంది మగవాళ్లు. వారం వారం టెస్టోస్టెరోన్ సూది. ఆ అధ్యయనాన్నీ తర్వాత దాన్ని అనుసరించినదాన్నీ కలిపి చూస్తే, ఆసియా కేంద్రాల్లో పదిమందిలో తొమ్మిది మందికి వీర్యకణాలు పూర్తిగా సున్నా అయ్యాయి. మిగతాచోట్ల పదిమందిలో ఆరుగురికే. ఒక్కో ప్రాంతంలో మగవాళ్ల శరీరం మందుకు ఒక్కోలా స్పందిస్తుందన్న సంగతి ఇది. పది కేంద్రాల్లో పది రకాలుగా లెక్కపెట్టి ఉంటే ఈ తేడాను లెక్కలో పొరపాటని కొట్టిపారేసేవాళ్లు.

ఇంకొకటి మీకు బాగా దగ్గరిది. మెడికల్ షాపులో దొరికే అత్యవసర గర్భనిరోధక మాత్ర ఐ-పిల్. అందులో లెవోనార్జెస్ట్రెల్ ఒకటిన్నర మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ మోతాదు ఎవరో కంపెనీవాళ్లు ఊహించింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 21 కేంద్రాల్లో చేసిన అధ్యయనం 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంతకుముందు వాడే రెండు హార్మోన్ల పద్ధతి కంటే ఒక్క లెవోనార్జెస్ట్రెల్ మేలని, వాంతులు కూడా తక్కువని తేలింది. అప్పటికి సగం మోతాదు ఒకసారి, పన్నెండు గంటల తర్వాత మిగతా సగం. మొత్తం ఒకేసారి మింగినా చాలని 2002 నాటి మరో అధ్యయనం చెప్పింది. కలయిక తర్వాత ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదన్నది 1998 అధ్యయనంలోనే కనిపించింది. మన పిల్లలకు ఈ మాత్ర పేరు టీవీ ప్రకటనల ద్వారా తెలుసు. నెలనెలా వాడే మందు కాదన్న సంగతి మాత్రం ప్రకటనలు అంత గట్టిగా చెప్పవు.

ఇక మన దేశం. నేర్చుకుని తిరిగొస్తే చాలదని చెప్పే కథ కలకత్తాది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ ఎడిన్‌బరోలో జాన్ లోరెయిన్ దగ్గర హార్మోన్ల కొలత మీద పీహెచ్‌డీ చేసి 1967లో తిరిగొచ్చాడు. 1978 అక్టోబరు 3న ఆయన కృషితో టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంగ్లండులో ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టిన కొద్ది వారాలకే. ఆయన హార్మోన్లు ఇచ్చి ఒకటి కంటే ఎక్కువ అండాలు తయారయ్యేలా చేశాడు. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాతి నెలల్లో గర్భంలో ప్రవేశపెట్టాడు. ఈ రెండూ ఈనాడు ప్రపంచమంతా చేసే పనులే. కానీ ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ను నమ్మలేదు. విదేశంలో తన పని వివరించడానికి వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1986లో ముంబైలో పుట్టిన హర్షను దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని అందరూ రాశారు. ఆ పని వెనుక ఉన్న శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్‌కుమార్, ముఖోపాధ్యాయ్ రాతప్రతులు స్వయంగా చదివి, మొదటివాడు నేను కాదు ఆయనేనని 1997లో బహిరంగంగా చెప్పాడు. శాస్త్రరంగంలో ఇంత పెద్దమనసు ఎప్పుడో గానీ చూడం.

లక్నోలో కథ ఇంకోలా నడిచింది. కేంబ్రిడ్జిలో చదివొచ్చిన నిత్యానంద్ నాయకత్వంలో కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ, స్టెరాయిడ్ కాని ఒక గర్భనిరోధక మాత్రను తయారుచేసింది. 1991లో సహేలీ పేరుతో బజారులోకి వచ్చింది. ప్రభుత్వ కార్యక్రమంలో దాని పేరు ఛాయ. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒక్కసారి. మన ఆశా కార్యకర్తల సంచిలో ఉంటుంది. అడిగేవాళ్లే తక్కువ.

ఇందాక చెప్పిన లెక్క ఎక్కడ తప్పుతుందో ఇప్పుడు చెబుతాను. మన హైదరాబాదు పక్కనే, పటాన్‌చెరులో తప్పింది. 1980ల మధ్యనాటికి భారతదేశంలో పునరుత్పత్తి శాస్త్రం తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఢిల్లీలో, ముంబైలో, బెంగళూరులో విదేశాల్లో శిక్షణ పొందివచ్చిన ఉద్దండులున్నారు. అయినా నెట్-ఎన్ అనే రెండు నెలలకొకసారి ఇచ్చే గర్భనిరోధక సూదిని పరీక్షిస్తున్న రోజుల్లో, పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రానికి పిలిపించిన ఆడవాళ్లకు అది పరీక్ష అన్న మాట ఎవరూ చెప్పలేదు. పిల్లలు పుట్టకుండా సూది అన్నారు, అంతే. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి అడిగారు. ఈ మందు ఏమిటి, నెలసరి తప్పితే ఎవరు చూస్తారు, రక్తస్రావం ఆగకపోతే ఎక్కడికి పోవాలి అని. 1986లో వాళ్లూ, ఢిల్లీలోని సహేలీ అనే స్త్రీల సంస్థ, మరికొందరూ కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసు 2000లో ముగిసింది. నెట్-ఎన్‌ను సామూహిక కార్యక్రమంలో పెట్టబోమని ప్రభుత్వం చెప్పుకోవలసి వచ్చింది.

పోర్టోరికోలో బయటివాళ్లు వచ్చి చేశారు. పటాన్‌చెరులో మనవాళ్లే చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, అదే తప్పు. హార్మోనును కొలవడం నేర్పిన శిక్షణ, ఎదురుగా కూర్చున్న మనిషికి విషయం చెప్పడం నేర్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడా ఇది కొంత ఆలస్యంగానే తెలిసొచ్చింది. 1991లో జెనీవాలో శాస్త్రజ్ఞులనూ స్త్రీల ఆరోగ్య ఉద్యమకారులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇవాళ పునరుత్పత్తి పరిశోధన నేర్పే ఏ మంచి కోర్సులోనైనా నైతిక నియమాలు, అంగీకార పత్రం రాసే తీరు పాఠ్యాంశాలే.

ఒక చిన్న పిట్టకథ. అదే నెట్-ఎన్‌ను టెస్టోస్టెరోన్‌తో కలిపి మగవాళ్లకిచ్చి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో సంస్థతో కలిసి పరీక్షించింది. 320 మంది మగవాళ్లు. మనసు కుంగడం, చిరాకు, ఒంటి నొప్పులు ఎక్కువగా కనిపించాయని 2011లో నిపుణుల సంఘం సూదులు ఆపించింది. ఆపడం సరైనదే. నాలుగింట మూడువంతుల కంటే ఎక్కువ మంది మగవాళ్లు మాత్రం ఇది దొరికితే వాడతామన్నారు. ఇలాంటి బాధలే మాత్ర వేసుకునే ఆడవాళ్లు చెబితే అరవై ఏళ్లుగా వాళ్లకు దొరికిన జవాబు, కొన్నాళ్లకు అలవాటైపోతుందమ్మా అని.

మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు 70, తెలంగాణలో 60కి పైన. దేశం మొత్తం మీద 38. మగవాళ్ల ఆపరేషన్లు నామమాత్రం. మాత్ర, కాపర్ టీ, మూడు నెలల సూది అంతర, ఇవన్నీ ఉన్నాయి. మన ఇళ్లలో దారి మాత్రం ఒకటే, ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్. పాతికేళ్లకే శాశ్వత పద్ధతి. ఇది ఎవరి ఎంపిక అని అడిగే పరిశోధకులు మన విశ్వవిద్యాలయాల నుంచే రావాలి. న్యూయార్క్ నుంచో జెనీవా నుంచో వచ్చి ఎవరూ అడగరు.

జంతుశాస్త్రం, జీవరసాయనం, నర్సింగ్, వైద్యం చదువుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, ఈ శాస్త్రం వైపు రండి. చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయమని ఇంట్లోవాళ్లు అంటే, చాంగ్ జీవితమంతా కుందేళ్ల అండాల మీదే గడిపాడని చెప్పండి. ముంబైలో జాతీయ పునరుత్పత్తి, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ ఉంది. మన హైదరాబాదులోనే సీసీఎంబీలో పురుషుల సంతానలేమి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. విదేశం వెళ్లే అవకాశం వస్తే వెళ్లండి, క్రొక్సాటోలా తిరిగిరండి.

ఇది వింటున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. సూది అయినా, మాత్ర అయినా, కాపర్ టీ అయినా, తీసుకునే ముందు మూడు సంగతులు అడగండి. దీని పేరేమిటి, నాకు ఏ బాధలు రావొచ్చు, వద్దనుకుంటే ఎప్పుడు ఎలా మానేయొచ్చు. ఇది పరీక్షలో ఉన్న మందు అయితే ఆ కాగితం తెలుగులో ఇమ్మనండి, చదివి వినిపించమనండి. సంతకం పెట్టాక కూడా, ఏ రోజైనా, కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు మీకుంది. దాని వల్ల మీకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు, ఆపితే ఫిర్యాదు చేయండి.